ఎండాకాలం సెలవులల్ల పిల్లల చేతులతోనే పండ్ల తాండ్ర, జెల్లీ, పుల్ల ఐస్: మీరెట్ల చేస్తున్నరు?

హన్మకొండ అమ్మ | మే 4, పొద్దున 10.15

అందరికి నమస్తే. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి తొమ్మిదేండ్లు, చిన్నోనికి నాలుగు నడుస్తున్నయి. సెలవులు ఇచ్చిన కాన్నుంచి గల్లీ చివర దుకాణంల దొరికే రంగురంగుల జెల్లీలు, పండు బొమ్మ వేసిన రోల్స్ కావాల్నని రోజూ పేచీ. ప్యాకెట్ ఎనుక చదివిన. ఏది ఎక్కువ ఉంటె దాని పేరు ముందుగాల రాయాలె కద, మొదలు చక్కెర, తర్వాత గ్లూకోజ్ సిరప్, ఆఖరుకు రంగులు, వాసనలు. పండు పేరు ఎక్కడో అడుగున ఉన్నది, ఒకదాంట్ల అసలే లేదు.

వద్దు వద్దని రోజూ కొట్లాడే బదులు వాళ్లతోనే ఇంట్ల చేయిద్దామని అనుకుంటున్న. మాది మూడో అంతస్తు. ఒవెన్ లేదు. బాల్కనీల పదకొండు దాకనే ఎండ పడుతది. స్లాబు మీదికి పోవచ్చు గని కోతులు దేన్నీ ఉంచయి. పొయ్యి దగ్గర గంటలు గంటలు నిలబడేటివి కాకుండ, చిన్నోడు గూడ చెయ్యి పెట్టేటివి ఉంటె చెప్పుర్రి. మేమే చేసి పెడితే వాళ్లు తింటరు, ఊకుంటరు. వాళ్లే చేస్తె నాలుగు రోజులు దాని ముచ్చటే పెడుతరని నా ఆశ.

మంథని అమ్మమ్మ | మే 4, పగలు 12.40

బిడ్డా, తాండ్రకు ఒవెన్‌తోని పనేంది? రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు, ఆ ఎండ ఇంక ముందట ఉన్నది.

పండ్లు కడిగి, తుడిచి, పిల్లల ముందట పెద్ద గిన్నె పెట్టు. మెత్తటి రసాలైతే పిసుకుడు చిన్నోనికి ఇయ్యి. పీసు ఉంటది కాబట్టి జల్లెడల పోసి గంటెతోని రుద్దాలె, అది పెద్దదానికి ఇయ్యి. ఆ గుజ్జును పొయ్యి మీద జరసేపు ఉడుకనిచ్చి దించు, పచ్చిదైతే తొందరగ పులుస్తది. స్టీలు తాంబాలానికి నెయ్యి రాసి, దోశంత పలుచగ పోసి, ఎండకు పెట్టు. పొద్దుగూకంగనే లోపట పెట్టాలె. మర్నాడు మళ్ల ఎండకు.

మా అమ్మ ఈత సాప మీద తెల్లబట్ట పరిచి, దాని మీద రోజుకొక పొర పోసేది. ఆత్రేయపురం దిక్కు తాండ్ర గూడ గట్లనే పొర మీద పొర పోసి చేస్తరు, అందుకే అంత దొడ్డుగ ఉంటది. మీ పిల్లలు అన్ని దినాలు ఆగరు. ఒక్క పొరనే ఎండబెట్టి, చాకుతోని పట్టీలు కోసి, చుట్ట చుట్టి చేతికియ్యి. దుకాణంల రోల్స్ అంటున్నవి గవ్వే కద.

జగిత్యాల మామిడితోట | మే 4, మాపటికి 6.05

అమ్మమ్మ చెప్పినట్ల చేయండి, పండు సంగతి నేను చెప్త. మా చల్‌గల్ మార్కెట్ల ఇప్పుడు బంగినపల్లే ఎక్కువ, లారీలకు లారీలు ఉత్తరాదికి పోతున్నయి. బంగినపల్లిల పీసు లేదు, గుజ్జు మస్తు, కాని పులుపు తక్కువ. ఒట్టి బంగినపల్లితో చేస్తె తాండ్ర తీపే గని రుచి ఒక్కతీరుగ ఉంటది. మూడు వంతుల బంగినపల్లికి ఒక వంతు తోతాపురి, అంటె మన కలెక్టర్ కాయ, బాగ పండినది కలిపి చూడండి. కలెక్టర్ దొరకకుంటె రెండు గ్లాసుల గుజ్జుకు రెండు చెంచాల నిమ్మరసం. నిమ్మరసంతో రంగు గూడ నల్లబడదు. హిమాయత్ తాండ్రకు వాడకండి. అది కోసుకొని తినే పండు.

ఇంకో మాట. తాంబాలంల గుజ్జు అంతట ఒక్క మందం ఉండొద్దు. అంచులు ముందుగాల ఎండి పెళుసయితయి, నడుమ తడిగ ఉంటది. అందుకే నడుమ 3 మిల్లీమీటర్లు, అంచుల దగ్గర 6 దాక ఉండాలె. పిల్లలకు గరిటె ఇచ్చి నడుమ నుంచి బయటికి నెట్టుమనండి, అదే వస్తది.

నర్సంపేట రైతుబిడ్డ | మే 4, రాత్రి 8.30

మార్కెట్ల పండ్లు మందు పెట్టి మాగేసినవని భయం. గవ్వి ఉడకబెట్టి పిల్లలకు పెడితే ఎట్ల? గుర్తుపట్టే ఉపాయం ఉన్నదా అన్నా?

జగిత్యాల మామిడితోట | మే 4, రాత్రి 9.10

@నర్సంపేట: భయం న్యాయమైనదే. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టుడు మన దేశంల నిషేధం, 2011 ఆహార భద్రత నిబంధనలల్ల స్పష్టంగ ఉన్నది. దాంట్ల ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉండొచ్చు. ఇథిలీన్ గ్యాస్ వేరు. పండు మాగేటప్పుడు దానంతట అదే వదిలే గ్యాస్ అది, దాన్ని 100 పీపీఎం దాక, అంటె పది లక్షల వంతుల గాలిల వంద వంతుల దాక, వాడొచ్చని అనుమతి ఉన్నది. పైన అంతట పసుపుపచ్చగ మెరుస్తూ లోపల గట్టిగ, పుల్లగ ఉండి, వాసన లేకపోతే అనుమానించాలె. కాని కండ్లతో చూసి ఖాయంగ చెప్పుడు ఎవరితోని కాదు.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒక్కటే: ముదిరిన పచ్చికాయ కొనుక్కపోయి ఇంట్ల వరిగడ్డిల మాగబెట్టుకోండి. గడ్డి లేకుంటె అట్టపెట్టెల పాత పేపర్లు. పిల్లలకు రోజు ఒక కాయ వాసన చూసి, వేలితో ఒత్తి, అయ్యిందా కాలేదా చెప్పే పని ఇయ్యండి. మా తోటకొచ్చే పోరగాండ్లు వాసనతోనే రేపటికి ఏ కాయ పండుతదో చెప్తరు.

కాజీపేట నాన్న | మే 5, పొద్దున 7.50

తాండ్రకు మూడు రోజులు పడుతది. అప్పటిదాక పిల్లలు ఆగాలంటె అదే రోజు అయ్యే పని ఒకటి కావాలె. మా ఇంట్ల చైనా గ్రాస్ జెల్లీ చేస్తం. ఆదివారం నా డ్యూటీ లేనప్పుడు ఇది నేను, మా బాబు చేసే పని. వాళ్లమ్మను వంటింట్లకు రానియ్యం.

చైనా గ్రాస్ అంటె సముద్రపు నాచు నుంచి తీసేది, అగర్ అగర్ అని గూడ అమ్ముతరు. పొడి అయితే పావు లీటరు ద్రవానికి ఒక చెంచా లెక్క. మొదలు కొన్ని నీళ్లల్ల వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనియ్యాలె, పొడి పూర్తిగ కరిగినంకనే పండ్ల రసం కలపాలె. రసం ఫ్రిజ్‌ల నుంచి తీసి అట్లనే పోస్తె ఉండలు కడుతది, గోరువెచ్చగ ఉండాలె.

మనకు ఎండాకాలంల ఇదే ఎందుకు మంచిదంటె, జెల్లీ గట్టిపడేటందుకు వాడే ఇంకో పదార్థం జెలటిన్ ఒంటి వేడికే కరిగిపోతది. మే నెల మధ్యాహ్నం ఓరుగల్లుల బల్ల మీద పెడితే నీళ్లే. అగర్ 40 డిగ్రీల లోపల గట్టిపడుతది, మళ్ల కరగాలంటె 85 దాక వేడి కావాలె. మా వంటిల్లే 38, 39 ఉంటది కాబట్టి గట్టిపడేదాక గిన్నెను చల్లనీళ్ల పళ్లెంల పెడుతం. ఒకసారి గట్టిపడ్డంక బయట పెట్టినా కరగదు. జెలటిన్ పశువుల తోలు, ఎముకల నుంచి వస్తది, కాబట్టి శాకాహారుల ఇండ్లల్ల గూడ అగరే సరిపోతది.

అనాస, బొప్పాయి పచ్చిగ వేస్తె జెలటిన్ అసలు గట్టిపడదు, వాటిల ఎంజైములు దాన్ని తెంపేస్తయి. అగర్‌కు ఆ బాధ లేదు. కాని నిమ్మరసం లెక్క మరీ పుల్లటిది ఎక్కువ పోస్తె పట్టు తగ్గుతది. మా బాబుకు నచ్చింది తర్బూజ రసం, అందుల దానిమ్మ గింజలు.

పిల్లల వార్డు నర్సు | మే 5, పగలు 2.20

అందరూ బాగా రాస్తున్నారు. కానీ నాలుగేళ్ల బాబు ఉన్నాడని చెప్పారు కాబట్టి నేను చెప్పాల్సినవి చెప్తాను, దయచేసి తేలికగా తీసుకోకండి.

జెల్లీని చిన్న కప్పుల్లో పోసి, నోట్లోకి పీల్చుకునేలా ఎప్పుడూ ఇవ్వకండి. పళ్లెంలో పోసి సన్నని ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి తినిపించండి. కొంజాక్ అనే దుంప పొడితో చేసిన చిన్న కప్పు జెల్లీలు గొంతులో ఇరుక్కుని పిల్లలు చనిపోయిన సంఘటనల వల్ల యూరోపియన్ యూనియన్ 2002లోనే వాటి అమ్మకం ఆపేసింది. అగర్ అంత సాగదు, అయినా గట్టిగా, గుండ్రంగా ఉన్నదేదైనా ఐదేళ్ల లోపు వాళ్లకు ప్రమాదమే. ద్రాక్ష కూడా అడ్డంగా కాదు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పరుగెత్తుతూ, పడుకుని తిననివ్వకండి.

ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన విష జబ్బు రావచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర గానీ బెల్లం గానీ కలిపినవి వద్దు.

ఇక తాండ్ర. నేను తాండ్రకు వ్యతిరేకం కాదు. కానీ అది పండుతో సమానం కాదు. నీళ్లు పోయి తీపి అంతా దగ్గరపడుతుంది, పంటికి అతుక్కుంటుంది. ఎండలో, పొయ్యి మీద విటమిన్ సి చాలా వరకు పోతుంది. అన్నం తిన్న తర్వాత చిన్న పట్టీ ఒకటి, వెంటనే నీళ్లు పుక్కిలించడం. రోజంతా చప్పరిస్తూ తిరిగితే పళ్లు పుచ్చిపోతాయి. వార్డుకు వచ్చే నాలుగైదేళ్ల పిల్లల పాలపళ్లు చూసినప్పుడల్లా నాకు బాధ.

మంథని అమ్మమ్మ | మే 5, పగలు 3.45

నర్సమ్మా, మేం చిన్నప్పుడు తాండ్ర తిన్నం, బెల్లం తిన్నం, మా పండ్లకు ఏం కాలే. బెల్లంల ఇనుము ఉంటదంటరు కద. చక్కెర వద్దంటె ఒప్పుకుంట, బెల్లం ఎందుకు వద్దు?

పిల్లల వార్డు నర్సు | మే 5, సాయంత్రం 5.30

అమ్మా, మీ కాలంలో తాండ్ర ఏడాదికి ఒక నెల. మిగతా పదకొండు నెలలు మీ చేతికి బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు రాలేదు. ఈ పిల్లలకు అవన్నీ ఉన్నాయి, వాటి మీద ఇది. తేడా అక్కడుంది. బెల్లంలో కొంచెం ఇనుము ఉన్న మాట నిజమే, కానీ పంటికి, ఒంటికి అది కూడా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం రోజు తినే శక్తిలో కలిపిన చక్కెరల వంతు 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. ఆ లెక్కలో బెల్లం, తేనె, తీసిన పండ్ల రసం కూడా ఉన్నాయి. కోసుకుని తినే పండు లేదు.

పండిన మామిడికి అసలు బెల్లం ఎందుకమ్మా? పండులోనే ఉంది కదా తీపి.

మంథని అమ్మమ్మ | మే 5, రాత్రి 7.15

గా మాట సరే. పులుపు పండైతేనే మేం బెల్లం కలిపేది, తీపి పండుకు నేనూ కలుపను. కాని బెల్లం లేని తాండ్ర ఎక్కువ దినాలు ఆగదు, అది యాదిల ఉంచుకోవాలె.

గోదావరిఖని క్వార్టర్స్ | మే 6, పొద్దున 6.30

కోతుల బాధ, దుమ్ము బాధ మాకు ఇంకా ఎక్కువ. బొగ్గు దుమ్ము పడే ఊర్ల బట్టలే బయట ఆరేసుకోలేం, తాండ్ర ఎక్కడ ఆరబెట్టాలె? మా అబ్బాయి ఆరో తరగతి, నేను, ఇద్దరం కలిసి చేసిన ఉపాయం చెప్త.

ఒక పెద్ద అట్టపెట్టె. లోపల అడుగున నల్ల రంగు వేసిన రేకు. పైన పాత కిటికీ అద్దం, ఏటవాలుగ. ముందు గోడకు కింద నాలుగు రంధ్రాలు, ఎనుక గోడకు పైన నాలుగు. వేడిగాలి పైకి పోతది, కింద నుంచి పొడిగాలి లోపటికి వస్తది, పండుల తడి దాంతోని పాటే బయటికి. రంధ్రాలకు పాత దోమతెర ముక్క అంటించినం, ఈగ రాదు. నల్ల రేకు ఎండను పీల్చుకుంటది కాబట్టి బయట కంటె లోపల బాగా వేడి. రంధ్రాలు లేకుంటె తడి అంత అద్దానికే పట్టుకొని పండు ఉడుకుతది గని ఎండదు, అది మర్చిపోవద్దు. అద్దం అంచులకు టేప్ చుట్టి పెద్దోళ్లే ఎత్తాలె.

హన్మకొండ అక్కకు బాల్కనీల పదకొండు దాక ఎండ చాలు. తర్వాత లోపట ఫ్యాన్ కింద పెట్టండి. మన దిక్కు మే నెల గాలిల తడి తక్కువ, ఫ్యాన్ గాలికే సగం పని అయితది. కోతులు బాల్కనీకి గూడ వస్తయి కాబట్టి జాలీ లేకుంటె పెట్టొద్దు.

ములుగు బడి టీచర్ | మే 6, ఉదయం 11.00

నేను ప్రాథమిక పాఠశాలలో చెప్తాను. సెలవుల్లో మా పిల్లలు అడవి వెంట తిరిగి తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఈత పండ్లు తెచ్చుకుంటారు. తునికి చెట్టంటే అందరికీ బీడీ ఆకే గుర్తొస్తుంది, ఆ పండు ఎంత తియ్యనో చాలా మందికి తెలియదు. మొర్రి పండు తిన్నాక గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. పట్నం దుకాణంలో దాని ధర చూసి మా పిల్లలు ఆశ్చర్యపోతారు, వాళ్లకు అది చెట్టు కింద ఏరుకునే వస్తువు.

పట్నం పిల్లలతో చేస్తున్నప్పుడు త్రాసు కూడా పెట్టండి. గుజ్జు కిలో తూచి పోయమనండి, ఎండిన తాండ్ర మళ్లీ తూచమనండి. మామిడి గుజ్జులో 80 శాతం పైనే నీళ్లు కాబట్టి కిలోకు పావుకిలో లోపే మిగులుతుంది. మిగతాది ఏమైందని అడగండి, వాళ్లే చెప్తారు. తొమ్మిదేళ్ల పాపకు ఇది మూడు పాఠాల పెట్టు. అప్పుడు నర్సు గారు చెప్పిన మాట కూడా తనకే అర్థమవుతుంది: అరచేతిలో పట్టే చుట్టలో నిండు పండు ఉంది.

నిర్మల్ నుంచి | మే 6, పగలు 1.15

సీతాఫలం గురించి ఒక మాట, ఇప్పుడు కాలం కాకపోయినా. దసరా అప్పుడు మా దిక్కు గుట్టల నుంచి గంపలకు గంపలు వస్తయి. దాంతోని తాండ్ర చేద్దామని పొయ్యి మీద పెట్టొద్దు, వేడికి చేదెక్కుతది. గుజ్జు తీసి, కాచి చల్లార్చిన పాలల్ల కలిపి గడ్డకట్టించుడే. గింజలు పిల్లలు కొరుకకుండ చూడాలె, ఆ చేతులతోని కండ్లు తుడుచుకోకుండ గూడ. గింజల పొడి పేన్ల మందు కింద వాడుతరు, కండ్లల్ల పడితే చాన ప్రమాదం.

ఆదిలాబాద్ దిక్కు అక్కచెల్లెండ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నరు, నువ్వులు, పల్లీలు, బెల్లం వేసి. పండు కాదు, పువ్వు. అయినా పిల్లలకు ఒకసారి రుచి చూపియ్యండి.

హన్మకొండ అమ్మ | మే 12, రాత్రి 9.40

అందరికి పేరుపేరున దండాలు. చెప్పినయన్ని చదివి పిల్లలకు గూడ చదివి వినిపిచ్చిన.

లక్ష్మీపురం మార్కెట్ల ముదిరిన కాయలు తెచ్చి అట్టపెట్టెల పెట్టినం. వాసన చూసే పని చిన్నోడు ఎవ్వరికి ఇయ్యలే. తాండ్ర బెల్లం లేకుండనే చేసినం, కలెక్టర్ కాయ కలిపి. పెద్దది త్రాసు లెక్కలు నోట్‌బుక్కుల రాసి బొమ్మ గూడ వేసింది. జెల్లీ మాత్రం వాళ్ల నాన్నతోని చేసిండ్రు, నన్ను రానియ్యలే, కాజీపేట అన్న ఇంటి పద్ధతే.

పిసుకుతున్నప్పుడు చిన్నోడు మోచేతుల దాక గుజ్జు పూసుకున్నడు. మామిడిపండు పెడితే మొకం తిప్పుకునేటోడు, టెంకె చీక్కుంట గంట కూసున్నడు. నాకు అది చాలు.

ఒక్క అనుమానం. తాండ్ర ఒక తాంబాలంల మంచిగ లేచి వచ్చింది, ఇంకోదాంట్ల అంచులు లేచినయి, నడుమ వేలుకు అంటుతున్నది. దాన్ని ఏం చేయాలె?

జగిత్యాల మామిడితోట | మే 12, రాత్రి 10.05

ఎండిన అంచు కత్తిరించి తీసేయండి, నడుమ ముక్కను తిరగేసి, నెయ్యి రాసిన ఇంకో పళ్లెంల బోర్లించి మళ్ల ఎండకు పెట్టండి. కింది దిక్కు గాలి తగలక అట్ల ఉంటది. వేలు పెట్టి ఒత్తితే గుర్తు పడొద్దు, అంటొద్దు, చింపితే తోలు లెక్క సాగాలె. అప్పుడు అయినట్టు.

భూపాలపల్లి పిన్ని | మే 13, పొద్దున 8.00

ఎండ పని మాకు కుదరదు, డ్యూటీకి పోవాలె. మేం పుల్ల ఐస్ చేస్తం. తర్బూజ, ఖర్బూజ, బంగినపల్లి ఏదైనా మెత్తగ చేసి స్టీలు గ్లాసులల్ల పోసుడు, పుల్ల గుచ్చుడు. ఒట్టి తర్బూజ రాయి లెక్క గడ్డకడుతది, సగం అరటిపండు పిసికి కలిపితే మెత్తగ ఉంటది. చల్లగ ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తది, అందుకే బాగా పండిన పండే తీసుకోవాలె, లేకుంటె చక్కెర వేయబుద్ధయితది. నీళ్లు కలిపేది ఉంటె కాచినవే.

పిల్లల వార్డు నర్సు | మే 13, ఉదయం 9.25

కాచిన నీళ్ల మాట రాసినందుకు సంతోషం. ఈ నెలంతా వార్డులో వాంతులు, విరేచనాల పిల్లలే. గుజ్జు పిసికే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడిగించండి, గోళ్లు కత్తిరించండి. కోసిన పండు బయట ఉంచి మర్నాడు వాడకండి.

హైదరాబాద్‌ల ఉండే వరంగల్ ఆమె | మే 14, రాత్రి 9.00

నాకు రేగు వడియాలు యాదికొస్తున్నయి. అమ్మ సంక్రాంతి అప్పుడు చేసేది. మా పాపకు ఆరేండ్లు, ఈ యేడు తనతోని చేయిద్దామనుకుంటున్న. కొలతలు ఎవరికన్న తెలుసా?

మంథని అమ్మమ్మ | మే 15, పొద్దున 6.50

తెలుసు బిడ్డా. పెద్ద గంగరేగు వద్దు, నాటు రేగుపండ్లు కావాలె, ఎర్రగ పండి జర మడతలు పడ్డవి. పురుగులున్నయి ఏరి, కడిగి, ఒక పూట నీడకు ఆరబెట్టు. కిలో పండ్లకు పావుకిలో బెల్లం, పది పన్నెండు పచ్చిమిరపకాయలు, చెంచెడు జీలకర్ర, తగినంత ఉప్పు. నర్సమ్మ వింటది కాబట్టి బెల్లం సగం చేసినా నడుస్తది, పులుపు ఎక్కువ తెలుస్తది అంతే. రోట్లె వేసి మెల్లగ దంచాలె. మేం గింజతోనే చేసేటోళ్లం, చప్పరించి ఊంచేసేది. ఆరేండ్ల పిల్లకు గింజ వద్దు. దంచినంక చేతితోని గింజలు ఏరెయ్యి, ఆ ఏరుడు పాపకు ఇయ్యి, కాని మిరపకాయ మాత్రం గింజలు ఏరినంకనే కలుపు, లేకుంటె పిల్ల చేతులు మండుతయి.

చిన్న బిళ్లలు ఒత్తి, నూనె రాసిన పళ్లెంల మూడు నాలుగు రోజులు ఎండకు. చలికాలం ఎండ కాబట్టి పొద్దుగాల మంచు పోయినంక పెట్టి, మాపటికి తీసెయ్యాలె.

హన్మకొండ అమ్మ | మే 15, పొద్దున 8.20

అమ్మమ్మా, తాండ్ర ఇంక మిగిలింది. జూన్ 12న బడి తెరిచినంక డబ్బాల పెడుదామని దాచిపెడుతున్న. వానలు పడుతే పాడయితదా?

మంథని అమ్మమ్మ | మే 15, పొద్దున 9.00

బెల్లం వేయలే కద, బయట ఉంచకు. మృగశిర పడ్డంక గాలిల తడికి మెత్తబడి బూజు పడుతది. పట్టీల నడుమ వెన్నకాగితం పెట్టి, మూత గట్టి డబ్బాల వేసి ఫ్రిజ్‌ల పెట్టు. డబ్బా ఒట్టిగ పొడిగ ఉండాలె. తడి చేతితోని తీయొద్దని పిల్లలకు చెప్పు. తీసేటప్పుడు ఒకసారి వాసన చూడు, పులిసిన వాసన వచ్చినా, తెల్లగ నలుపుగ చుక్క కనపడ్డా ఆ పట్టీ ఒక్కటే కాదు, దాంతోని ఉన్నయన్ని పారెయ్యి.